ఈస్టరుకల్లా అత్తకు కళ్ళు

మొన్న పక్కింటివాళ్ళ మనవడి పుట్టినరోజుకి పిలిస్తే వెళ్ళాను. వాడు బుగ్గలు పూరించి ఐదు కొవ్వొత్తులూ ఒక్క ఊదుకు ఆర్పేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరో నురగ చల్లారు, నేను మాత్రం చేతిలో కాగితం పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆరిన వత్తిలోంచి లేచే ఆ పొగ వాసన ఉందే, అబ్బ, అది ముక్కుకు తగిలిందా, ఇక నాకు కేకూ లేదు, పాటా లేదు! విశాఖపట్నంలో మూడో అంతస్తులో ఉన్నదాన్ని ఉన్నట్టే కళింగపట్నానికి కూతవేటు దూరంలో, వంశధార సముద్రంలో కలిసేచోట, తెల్లవారుజామున చెప్పుల్లేకుండా ఇసుకలో నడుస్తున్న తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను.

మాది చేపలవాళ్ళ వీధి. మందిరం అంటే ఏ గంటల గోపురమో అనుకునేరు. తాటాకుల పాక, కింద వారం వారం మార్చే కొత్త ఇసుక, మధ్యలో ఒక బల్ల, ఒక కంజిర, అంతే. కానీ ఈస్టరుకు ముందొచ్చే నలభై ఉపవాసాల శ్రమదినాలు వచ్చాయంటే మా పిల్లల కాళ్ళు నేలమీద నిలిచేవి కావు. జీడిపండ్లు ఎర్రబడి వాటి వగరు వాసన దారంతా కమ్మేసేది, తాటిముంజెలు దిగేవి, వీధి పొడుగునా పరిచిన నెత్తళ్ళ చేపలు ఎండకు కరకరలాడేవి. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా అమ్మ గుప్పెడు బియ్యం తీసి దేవుడి కుండలో వేసేది. ఆ బియ్యంతోనే పండగనాటి పరమాన్నం అని తెలిసి నేను అమ్మ చూడకుండా ఇంకో గుప్పెడు వేసేదాన్ని. మట్టల ఆదివారంనాడు ఈతమట్టలు పట్టుకుని ఊరేగింపుగా బయల్దేరి, సగం దారిలోనే వాటితో కొట్టుకుని, ఒళ్ళంతా గీరుకుని తిరిగొచ్చేవాళ్ళం. ప్రభువును సిలువ వేసిన శుక్రవారం మూడు గంటలదాకా పెద్దవాళ్ళు పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు. మేం మాత్రం మందిరం వెనక్కెళ్ళి ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు నమిలి, మూతులు తుడుచుకుని, ఏడుపు ముఖాలు పెట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళం.

అన్నిటికంటే పెద్ద సంబరం ఈస్టరు తెల్లవారుజామున సముద్రపొడ్డున చెప్పే సాక్ష్యాలు. ఆ ఏడు దేవుడు తనకేం చేశాడో ఒక్కొక్కరే లేచి చెప్పాలి. ఎవరెవరు చెబుతారో వారం ముందే, మట్టల ఆదివారంనాడే, సంఘపెద్ద ఆనందం మావ జాబితా రాసుకునేవాడు. ఆనందం మావ మంచివాడే, ఎవరింట్లో జ్వరమన్నా ముందు పరుగెత్తేది ఆయనే. కాకపోతే ఆయనకు సాక్ష్యమంటే గట్టి సాక్ష్యం కావాలి. తుఫానులో తప్పిపోయిన పడవ తిరిగి రావాలి, చచ్చిపోతుందనుకున్న గేదె లేచి మేత మెయ్యాలి.

ఆ ఏడు మా నీలమ్మత్త తనూ చెబుతానంది. నీలమ్మత్త మా నాన్నకు అక్క, మావైపు మాటలో అప్ప, మా ఇంట్లోనే ఉండేది. ఆరేళ్ళప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి, తెల్లటి పొరలు మిగిలాయి. అయినా వల అల్లడంలో వీధిలో ఆవిడ తర్వాతే ఎవరైనా. మా ఇంట్లో మందిరానికి మొదట వెళ్ళింది కూడా ఆవిడే. ఆవిణ్ణి నడిపించడానికని చెయ్యి పట్టుకుని అమ్మ వెళ్ళింది, అమ్మ కొంగు పట్టుకుని నేను వెళ్ళాను.

"నా పేరు కూడా రాయి తమ్ముడా," అంది.

ఆనందం మావ పెన్సిలు చెవి వెనక దోపుకుని నవ్వాడు. "నీకేటైనాదని సెప్తావప్పా? కళ్ళొచ్చినాక సెప్పుదువులే. నమ్మకం గట్టిపడితే అయ్యే వస్తాయి."

అత్త "అలాగేలే" అని కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు నిజం చెప్పాలి కదా, మండింది ఆనందం మావ మీద కాదు. కళ్ళు రాకుండా సాక్ష్యమేమిటని నాకూ అనిపించింది. నా కోపమంతా ఆ కళ్ళ మీదే. ఇన్నేళ్ళ ప్రార్థనకు అవి రావేం? సరే, నేనే రప్పిస్తాను! ఈస్టరుకల్లా అత్తకు కళ్ళు రావాలి, జాబితాలో పేరెక్కాలి!

నవ్వకండి. వాక్యం కంఠతా పట్టడంలో నన్ను మించినవాళ్ళు మా ఆదివారపు బడిలో లేరు. పుట్టుగుడ్డివాడి అధ్యాయం మొదటినుంచి చివరిదాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి స్టీలు టిఫిను డబ్బా గెలుచుకున్నదాన్ని. ప్రభువు నేలమీద ఉమ్మి, బురద చేసి, వాడి కళ్ళకు రాసి, కడుక్కోమని కోనేటికి పంపాడు. వాడు చూపుతో తిరిగొచ్చాడు. ఇంత తేలిక పని ఊళ్ళో పెద్దవాళ్ళెవరికీ ఎందుకు తట్టలేదా అని నాకు ఒకటే ఆశ్చర్యం!

శనివారం పొద్దున్న, అమ్మ చేపల తట్ట ఎత్తుకుని సంతకు వెళ్ళగానే, గెడ్డవాగు ఒడ్డునుంచి మెత్తటి బంకమన్ను తెచ్చి కొబ్బరిచిప్పలో వేశాను. తీరా చూస్తే ఉమ్మి చాల్లేదు. ఎంత ఉమ్మినా మన్ను తడవదు, నోరు పిడచకట్టుకుపోయింది. పరుగెత్తుకెళ్ళి చింతకాయ తెచ్చి చప్పరించాను. అప్పుడూరింది చూడండి, వరదే!

అత్త సరుగుడు చెట్ల నీడలో వల ముందేసుకుని కూర్చుంది.

"అత్తా, కళ్ళు మూసుకో."

"మూసినా తెరిసినా నాకొకటే కదే గుంటా. ఏటి తెచ్చినావు?"

"మాటాడకు. రేపు నువ్వు సాచ్చెం సెప్పాల."

రెండు బొటనవేళ్ళతో ఆ మన్ను ఆవిడ రెప్పలకు మెత్తాను. ఆవిడ ఉలిక్కిపడింది, కానీ వెనక్కి జరగలేదు. ముఖం పైకెత్తి, నా చేతులు ఎంతసేపుంటే అంతసేపూ ఊపిరి బిగబట్టి ఉండిపోయింది. తర్వాత చెయ్యి పట్టుకుని, ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగకు లాక్కెళ్ళాను. దారి పొడుగునా నాకు ఒకటే హడావుడి: చూపు రాగానే ముందు ఏం చూపించాలి, పడవలా, సముద్రమా, కొత్త గౌనులో ఉన్న నన్నా? ముందు నన్నే చూడాలని తేల్చేసుకుని జుట్టు కూడా సర్దుకున్నాను. ఆవిడ మోకాటిలోతు నీళ్ళలో వంగి కడుక్కుంది.

"ఏటి అగుపిస్తంది?"

"ఏటీ నేదే."

మళ్ళీ కడుక్కోమన్నాను. మళ్ళీ. మళ్ళీ. ఏడుసార్లు. పోటుకు ఎగదన్నిన ఉప్పునీళ్ళు కళ్ళల్లో మండుతున్నా ఆవిడ నేను చెప్పినన్నిసార్లూ కడుక్కుంది. చివరికి నేను ఇసుకలో కూలబడి అరిచాను. "నీకు నమ్మకం నేదు! అందుకే రానేదు!"

ఆవిడ తడుముకుంటూ ఒడ్డుకొచ్చి నా తల నిమరబోతే విదిలించుకున్నాను. సాయంత్రానికి ఆవిడ రెప్పలు రెండూ ఉబ్బి ఎర్రగా వాచిపోయాయి. సంగతి తెలిసి అమ్మ చీపురు తిరగేసింది. ఆ దెబ్బలు నాకొక లెక్కా? అత్త జాబితాకెక్కలేదు, అదీ నా ఏడుపు.

తెల్లవారుజామున చేతికొక కొవ్వొత్తితో, గాలికి ఆరకుండా కొబ్బరిచిప్ప అడ్డం పెట్టుకుని, వీధి వీధంతా బయల్దేరింది. ఒకరి వత్తి ఆరితే పక్కవాళ్ళది అంటించడం, మైనం చేతిమీద పడితే గంతులెయ్యడం, కంజిర మోత, మొగలిపొదల వాసన. రాత్రంతా ఏడ్చినదాన్ని నేనూ గంతులేశాను, చిన్నతనం కదా! ఒడ్డున ఆనందం మావ పేర్లు పిలిచాడు. పడవ తిరిగొచ్చింది, గేదె లేచింది, కడుపునొప్పి పోయింది, ఒక్కోదానికీ అందరూ "స్తోత్రం!" అని దిక్కులదిరేలా కేకలు పెట్టారు. జాబితా అయిపోయింది. పాస్టరు అయ్యగారు ముగింపు ప్రార్థనకు గొంతు సవరించుకుంటుండగా నీలమ్మత్త లేచి నిలబడింది.

"కూకో అప్పా," అన్నాడు ఆనందం మావ మెల్లగా.

"పోయినారం కూకున్నాను తమ్ముడా. ఇయ్యాల సెప్తాను."

వాచిన కళ్ళతో, పూర్తిగా అందరివైపూ కాకుండా కొంచెం సముద్రంవైపు తిరిగి చెప్పింది. "అమ్మోరు పోసినకాడి నుంచి నా కళ్ళను ఎవులూ ముట్టనేదు. మాయమ్మ కూడా కొంగుతో తుడిసేది గానీ సెయ్యి ఎయ్యనేదు, బయ్యం. ఆ గుడ్డోడి కత అయ్యగారు సదివినప్పుడల్లా ఆడికి కళ్ళొచ్చిన మాటే ఇన్నాను గానీ, పెబువు ఆడి కళ్ళను తన సేత్తో ముట్టినాడన్న మాట నా సెవికెక్కనేదు. నిన్న మా గుంట మన్ను రాసినాది. దాని సేతులు ఎచ్చగా ఉన్నాయి. నన్ను సూసి ఆయన తప్పుకుని ఎలిపోనేదని అప్పుడు తెలిసినాది. కళ్ళు రానేదు. ఆయనొచ్చినాడు. నాకు నమ్మకం నేదని మా గుంట అన్నాది. నిజవే, నిన్న పొద్దున్నదాకా కూసింతే ఉన్నాది. ఇయ్యాల ఇంకొంచెం ఉన్నాది. అదే నా సాచ్చెం."

ఎవరూ స్తోత్రం అనలేదు. దీనికి అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. నాకు తల కొట్టేసినట్టయింది, అదే సమయంలో గుండె నిండి ఎగిరిపోతున్నట్టూ అయింది, ఆ రెండూ కలిసి గొంతులోకి తన్నుకొచ్చి, చెవులు చిల్లులు పడేలా ఒక్కదాన్నే అరిచేశాను. "స్తోత్రం!"

ఆనందం మావ ఇసుకలో నడుచుకుంటూ వచ్చి అత్త ముందు నిలబడ్డాడు. "నానొకపాలి ముట్టనా అప్పా?" అన్నాడు. అత్త ముఖం పైకెత్తింది. ఆయన ఆ వాచిన రెప్పల మీద అరచేతులు పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన వెనక మా అమ్మ, అమ్మ వెనక అయ్యగారు, ఆ వెనక వీధిలో ఆడవాళ్ళంతా వరసకట్టారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు, కంజిర వాయించేవాడు ఆపడం మరిచిపోయాడు, పొద్దు ఎప్పుడు పొడిచిందో ఎవరూ చూడలేదు. ఆ పూట పరమాన్నం అడుగంటింది. అయినా గిన్నెలు నాకేశాం.

ఆ ఒడ్డును ఇప్పుడు సముద్రం సగం మింగేసింది. తాటాకుల పాకచోట స్లాబు మందిరం లేచింది, నేలకు పాలరాయి, గోడలకు మైకులు; కొవ్వొత్తుల బదులు ఫోను దీపాలు, దేవుడి కుండ ఏ ఇంట్లోనూ లేదు, సాక్ష్యాలకు వేళ చాలడం లేదంటున్నారు. ఆనందం మావ పోయాడు. నేను కంఠతా పట్టిన వాక్యాల్లో చాలా మరిచిపోయాను, ఆ గుడ్డివాడి అధ్యాయం మాత్రం ఇప్పటికీ తప్పు లేకుండా చెప్పగలను. అందులో చూపున్నవాళ్ళు 'మేమూ గుడ్డివాళ్ళమా' అని అడిగే మాట వచ్చినప్పుడల్లా నాకు ఏటి మొగ దగ్గర నా గొంతే వినిపిస్తుంది.

నీలమ్మత్త నేను ఉద్యోగంలో చేరిన ఏడు వెళ్ళిపోయింది. ఆ ఈస్టరు తర్వాత ఎన్నో ఏళ్ళు ఒకే చాప మీద పడుకున్నాం, ఎన్నో మాటలు చెప్పుకున్నాం, ఆనాటి మాటకు మాత్రం క్షమించమని ఒక్కసారీ అడగలేకపోయాను. నేను వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎవరో ముయ్యబోతే, ఉండండి, నేను మూస్తానన్నాను. రెండు అరచేతులూ పెట్టి, అప్పుడడిగాను. పెట్టె వచ్చింది లేవమని అంటున్నారు, నాకు చేతులు తియ్యబుద్ధి కాలేదు.