అమ్మవారి నోటితో అన్న మాట

మా తర్కం సారుకు ఒకే ప్రశ్న వచ్చని మేము వెనకాల ఎగతాళి చేసేవాళ్లం. "నువ్వు చూశావా?" ఎవరు ఏం చెప్పినా ముందు ఆ ముక్కే వచ్చి పడేది. చూడలేదంటే ఎవరు చెప్పారు, చెప్పినవాడైనా చూశాడా అని వెంటపడేవాడు. డెబ్బైల చివర్లో తిరుపతిలో ఎం.ఏ. తత్వశాస్త్రం చదివిన పదకొండు మందిమి రెండేళ్ల పాటు ఆ ప్రశ్న కింద నలిగాం. నేను చదివిన చదువంతటిలో జీవితంలో పనికొచ్చింది అదొక్కటే. అది నేర్పిన మనిషికి నేనేం చేశానో ఇన్నేళ్లకు రాస్తున్నాను. క్షమించమని కాదు, క్షమించేవాళ్లు ఎవరూ ఇది చదవరు.

ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. ఆయన చెప్పే తర్కంలో గుర్తులూ సూత్రాలూ తక్కువ. సంతలో, బస్సులో, పేపర్లో మనుషులు వాదించుకునే తీరు తీసుకుని, అందులో ఎక్కడ బొక్క ఉందో చూపించేవాడు. మొదటి రోజే ఒక్కొక్కరినీ లేపి, నీకు గట్టిగా తెలిసిన సంగతి ఒకటి చెప్పు, ఎలా తెలుసో చెప్పు అన్నాడు.

నా వంతు వచ్చింది. చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చినవాణ్ణి, ఇంకేం చెబుతాను. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసి చావబోతే, జాతరలో నా చేత వేషం వేయిస్తానని మా అమ్మ తిరుపతి గంగమ్మకు మొక్కుకుందనీ, అందుకే బతికాననీ చెప్పాను. ఆయన తాపీగా అడిగాడు, మీ ఇంట్లో ఇంకెవరికైనా పోసిందా అని. మా అక్కకు పోసింది అన్నాను. ఆమెకు మొక్కలేదా అన్నాడు.

"మొక్కినారు సార్. మా అక్క సచ్చిపోయినాది."

ఆయన క్లాసు వైపు తిరిగాడు. "చూశారా, బతికినవాడు వచ్చి సాక్ష్యం చెబుతాడు. చచ్చినవాళ్లు రాలేరు" అన్నాడు. అంతటితో ఆపి ఉంటే నేను ఆయన కాళ్లకు మొక్కేవాణ్ణి. కానీ నా వైపు చూసి, నా గొంతుతోనే, "మొక్కినారు, సచ్చిపోయినాది" అని సాగదీసి అన్నాడు. పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను. మా అక్క చావు మీద నవ్విన ఆ నవ్వు నాకు ఇప్పటికీ దవడల్లో నొప్పిగా ఉంటుంది.

ఆ నెలలోనే ఆయన, వాదాన్ని వదిలి మనిషి మీద పడటం ఎంత పెద్ద దోషమో మూడు క్లాసులు చెప్పాడు. ఎదుటివాడి పుట్టుక, యాస, కాపురం ఏవైనా కావచ్చు, అవి ఎంత నిజమైనా అతని మాటను అబద్ధం చెయ్యలేవన్నాడు. నేను శ్రద్ధగా రాసుకున్నాను. మరి మీరు నా యాస మీద పడ్డారు కదా అని అడిగే దమ్ము నాకు లేదు.

నలిగినవాడు ఊరికే ఉండడు, ఇంకొకరిని నలుపుతాడు. సెలవులకు ఇంటికి పోయి, మా అమ్మ అన్నం పెడుతుంటే అడిగాను, నాకు మొక్కితే బతికితిని, అక్కకు మొక్కితే ఏమైందని. అడిగి, ఆమె ముఖం మీద జవాబు ఎలా చెదిరిపోతుందో చూస్తూ కూర్చున్నాను. ఆమె గరిటె పళ్లెంలో పెట్టింది. "దానికి నేను సరిగ్గా మొక్కలేదేమో నాయనా" అంది. అది కూడా తర్కదోషమేనని ఆమెకు చెప్పాను. పేరుతో సహా చెప్పాను.

సారు పాతూళ్లో ఒక వీధిలో కూతురితో ఉండేవాడు. పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి. భార్య మూడేళ్ల కిందట మద్రాసు ఆస్పత్రిలో పోయిందని చెప్పేవాడు. శవాన్ని ఈ ఊళ్లో ఎవరూ చూడలేదు గనక వీధిలో ఏవేవో అనుకునేవాళ్లు. చిత్తూరులో మామిడికాయల మండీ నడిపే మా మేనమామ ఒకరోజు నా చదువు గురించి మాట్లాడుతూ, "మీ సారు పెండ్లాము సావలేదంట గదప్పా. కోర్టు ముందర మిషను పెట్టుకోని టైపు కొడతా ఉండాదంట" అన్నాడు. ఎవరన్నారు, వాళ్లు చూశారా అని నేను అడగలేదు. రెండేళ్లు తిండి మానేసి నేర్చుకున్న ప్రశ్న అది, నోటి చివర దాకా కూడా రాలేదు. ఆ మాట నాకు అంత తియ్యగా ఉంది.

చివరి సంవత్సరం రాత పరీక్షలు అయిపోయాక, వైవా ఇంకా మిగిలుండగా, గంగజాతర వచ్చింది. తిరుపతిలో ఆ వారం వేషాలు వేసినవాళ్లు ఎవరినైనా ఎంత మాటైనా అనవచ్చు. అది అమ్మవారి తిట్టు. తిట్టించుకున్నవాళ్లు చేతులు జోడించి నిలబడాలి, కోపం తెచ్చుకోకూడదు. మా అమ్మ మొక్కు ఎన్నాళ్ల నుంచో మిగిలిపోయి ఉంది. ఈ ఏడు తీరుస్తాను అని చెబితే ఆమె ఏడ్చినంత పని చేసింది. నాకు అమ్మవారి మీద నమ్మకం పోయి రెండేళ్లు. ఆమె నోరు మాత్రం నాకు కావాలి.

బండ వేషం వేశాను. ఒళ్లంతా, ముఖమంతా కుంకుమ పూసుకుని, పూలదండ మెడలో వేసుకుని, వేపమండలు పట్టుకుని పొద్దున్నే ఆ వీధికి పోయాను. వెనక పిల్లలూ పెద్దలూ ఒక గుంపు. సారు గడపలోకి వచ్చి అందరిలాగే చేతులు జోడించాడు. పక్కన కూతురు పసుపునీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది. ఆ పిల్లను నేను చూశాను. చూసీ అన్నాను.

"ఒరే, పెండ్లాము సచ్చిందని ఊరంతా సెప్పుకున్నావు గదరా. ఆయమ్మ సావలేదు. నీ నోటికి తాళలేక లేసిపోయినాది."

తిట్లు వినడానికి వచ్చినవాళ్లకు కూడా ఇది ఎక్కువైంది. ఆయన ముఖం కదలలేదు. నా గొంతు గుర్తుపట్టాడని కళ్లలో తెలిసింది. రెండేళ్లు వెక్కిరించిన గొంతు కదా.

"అమ్మా, నువ్వన్నది నిజమే అనుకుందాం. దాంతో నేను చెప్పిన పాఠంలో ఏది తప్పయింది?"

అంత కుంకుమ కిందా నాకు చెమట పట్టింది. వెనక్కి తిరిగి పోవలసినవాణ్ణి. అప్పుడు ఆ పిల్ల, తిరుపతి వీధుల్లో పెరిగిన పిల్ల, మా యాసలోనే అడిగింది.

"మాయమ్మ యాడుండాదమ్మా?"

నన్ను కాదు, గంగమ్మను అడిగింది. సారును గెలవలేకపోయిన కసి అంతా నా నోట్లోనే ఉంది.

"చిత్తూరు కోర్టు ముందర. టైపు కొడతా ఉండాది పో" అన్నాను.

ఆ పిల్ల చెంబు కింద పెట్టి నాకు దండం పెట్టింది.

పదిహేను రోజులకు వైవా. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు టీ కోసం లేచి వెళ్లాడు. గదిలో సారూ నేనూ మిగిలాం. ఆయన కాగితాలు సర్దుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు. మద్రాసులో చితి అంటించింది ఆయనే. పిల్లకు అప్పుడు ఆరేళ్లని శ్మశానానికి తీసుకువెళ్లలేదు. ఇప్పుడు ఎంత చెప్పినా నమ్మడం లేదు, అమ్మవారు అబద్ధం చెబుతుందా నాన్నా అని అడుగుతోంది. సెలవు పెట్టి మూడు రోజులు చిత్తూరు కోర్టు ముందు పిల్లతో నిలబడ్డాడు. అక్కడ టైపు కొట్టేవాళ్లంతా మగవాళ్లే. ఈరోజు రాలేదేమో, రేపొస్తుందేమో అంటుందట.

"నువ్వు చూశావా?" అన్నాడు.

"లేదు సార్. మా మామ సెప్పినాడు."

"ఆయన చూశాడా?"

"అడగలేదు సార్."

హాజరు వేసుకున్నట్టు తల ఊపాడు. కోప్పడతాడనుకున్నాను. "సాయంత్రం ఇంటికి వచ్చి పాపకు చెప్పు. వేషంలో ఉన్నది నువ్వేనని, విన్న మాట చెప్పావని. నేను చెబితే చెల్లదు. తండ్రిని కదా, అబద్ధమాడటానికి నాకు కారణం ఉంది" అన్నాడు. కాగితాలు పక్కన పెట్టి, వస్తావు కదా అని మళ్లీ అడిగాడు. వస్తాను సార్ అన్నాను.

సాయంత్రం నేను బస్టాండుకు పోయాను. సిగ్గేసి సారు ఇంటికి పోలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన నన్ను బతిమాలుకోవడం నాకు బాగుంది. గుమ్మంలో ఆయనా ఆ పిల్లా నా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారని బస్సు కదిలినప్పుడు తలుచుకున్నాను, అదీ బాగుంది. తర్వాత తెలిసింది, క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆయన నాకే వేశాడు.

ఇంటికి చేరేసరికి మా అమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, "మొక్కు తీరిందా నాయనా?" అని అడిగింది. తీరింది అన్నాను.

ఆ తర్వాత పాతికేళ్లు నేనూ తర్కమే చెప్పాను. నువ్వు చూశావా అని కొన్ని వందల మందిని నిలబెట్టి అడిగాను. ఆ పిల్ల ఇంకా ఎన్నిసార్లు చిత్తూరు బస్సెక్కిందో మాత్రం ఎవరినీ అడగలేదు.