చుక్క పరుగు

పలమనేరు దగ్గర డెయిరీకి పాలు పోసుకుని బతికే చక్రధర్‌కు ఆవులతో పాటు చుక్క అనే గుర్రం కూడా ఉంది. పెళ్ళి ఊరేగింపులకు దాన్ని తీసుకెళ్ళేవాడు. కొన్ననాటి నుంచీ అది మెల్లగానే నడిచేది. సోమరిదని ఊరంతా నవ్వితే ఆయనా నవ్వేవాడు.

మొన్నటి వానల్లో చుక్క ముందుకాలు నేలకు ఆనించలేకపోయింది. పశువుల డాక్టరు గిట్ట కోసి, చీము తీసి, "లోపల ఎప్పటినుంచో కుళ్ళుతా ఉండాదప్పా" అన్నాడు. వానలు మొదలైనప్పటి నుంచి కాబోలు అనుకున్నాడు చక్రధర్.

గిట్ట కొత్తగా పెరిగి, డాక్టరు సరేనన్నాక, ఒక పొద్దున ఎక్కాడు. అదిలించనైనా లేదు. చుక్క ఒక్కసారిగా టమోటా తోటల వెంబడి పరుగందుకుంది. చక్రధర్ జూలు పట్టుకుని మెడ మీదకు వాలిపోయాడు. మామిడితోపు దగ్గర అదే ఆగింది.

ఆయన కిందికి దిగాడు. భార్య పల్లవి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"యాడన్నా తగిలిందా?"

"లేదు. దీనికి పరిగెత్తేది వచ్చు పల్లవీ! ఇన్నేండ్లూ నొప్పితో నడిచింది. దాని మింద నేను పెండ్లికొడుకుల్ని ఎక్కిస్తా వచ్చినాను."

పల్లవి చుక్క మెడ నిమిరింది. చక్రధర్ మళ్ళీ ఎక్కలేకపోయాడు. కళ్ళెం పట్టుకుని ఇంటిదారి పట్టాడు. చుక్క మాత్రం నడకతో సరిపెట్టుకోలేక ఆయన్ను ముందుకు లాగుతూనే ఉంది.