ఏటవాలు బీడుకు కొన్న పొట్టి ట్రాక్టరు

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్తల్లో మా అన్న ట్రాక్టరు కొనాలని నిశ్చయించుకున్నాడు. దున్నడానికి కాదు. దున్నడానికి ఆయనకు ఎద్దులున్నాయి. బండలాగుడు పోటీల్లో పులివెందుల చుట్టుపక్కల పేరు తెచ్చిన ఎద్దులవి. ట్రాక్టరు కావలసింది గడ్డి కోయడానికి.

మా ఊరికి పడమట కొండ పాదాన మాకొక బీడు ఉండేది. మనిషి నిలబడితే ఒక కాలు మడిచి, ఒక కాలు చాచి నిలబడవలసినంత ఏటవాలు. మట్టి పలచన కాబట్టి నాగలి పెట్టేవాళ్లం కాదు. వానలు బాగుంటే మాత్రం నడుము దాకా గడ్డి లేచేది. ఎండాకాలమంతా మా పశువులకు అదే మేత. మిగిలింది ప్రొద్దుటూరు జట్కాల వాళ్లు కొనుక్కుపోయేవారు. ఏటా కార్తీకంలో కొడవళ్లతో కూలీలు వచ్చేవారు. ముగ్గురాయి గనులు తెరిచాక వాళ్లు రావడం మానేశారు. గనిలో వాన వచ్చినా రాకపోయినా కూలి నికరం. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. రెండేళ్లు వరుసగా మా గడ్డి నిలువునా ఎండి, ఎవరో పారేసిన బీడీకి అంటుకుని కాలిపోయింది.

ఆ వాలు మీద గడ్డిబండి అడ్డంగా నడిచేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. బండికి ఎగువ పక్కన మోకు కట్టి, దాని కొస పట్టుకుని ఒక మనిషి పక్కనే నడిచేవాడు. బండి దిగువకు ఒరిగితే అతను తన బరువంతా ఆ మోకు మీద వేయాలి. దాన్ని ఎగువతాడు అనేవాళ్లం. దిగువ పక్కన మాత్రం ఎవరూ నడవకూడదు. మాకు నడక వచ్చిన నాటి నుంచీ పెద్దలు చెప్పిన మాట అది.

మా వదినది జమ్మలమడుగు దగ్గర, గండికోట కొండల వైపు పల్లె. ఆమె తండ్రి గడ్డిబండి కింద పడి చనిపోయాడు. సంబంధం మాట్లాడేటప్పుడు ఆ సంగతి ఒక్కసారి చెప్పారు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కానీ మా బీడు మీద బండి నడిచే రోజున ఆమె పొయ్యి వెలిగించేది కాదు. ముందురోజే సంగటి చేసి సద్ది పెట్టేది. బండి వాకిట్లోకి వచ్చి, ఎద్దుల్ని విప్పాకే పొయ్యిలో నిప్పు పడేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అన్నా వదినా ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇది చెప్పడానికి నేనే మిగిలాను.

ట్రాక్టరు చూడటానికి ప్రొద్దుటూరుకు బయలుదేరే ముందురోజు వదిన, "నేనూ వస్తా" అంది.

అన్న తల తిప్పి చూశాడు. "ఎద్దుల సంతకు ఎప్పుడన్నా వచ్చినావా నువ్వు?"

"ఎద్దులు నిన్ను మింద కూర్చోబెట్టుకోని వాలెంబడి తిరగవు కదా. దీనికి వస్తా."

"ఊర్లో నగుతారు మేయ్."

"నగనీ. నగినోళ్లు రేపు నాకు సద్ది పోస్తారా?"

అన్న నా వైపు తిరిగాడు. నేను జమ్మలమడుగు తాలూకాఫీసులో గుమాస్తాను, సెలవు మీద వచ్చి ఉన్నాను. "రేయ్, నువ్వూ రా. లెక్కలోడివి ఒకడు ఉండాల" అన్నాడు. వదినను రావద్దని మాత్రం అనలేదు.

ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా బస్సులో పోయాం. ప్రొద్దుటూరు చివర ఒక ఏజెంటు రేకుల షెడ్డులో రెండు ట్రాక్టర్లు ఉన్నాయి. ఒకటి ఎత్తుగా, ఎర్రరంగుతో నిగనిగలాడుతోంది. రెండోది పొట్టిది, బూడిదరంగు, చక్రాలు ఎడంగా ఉన్నాయి. కూర్చుంటే కాళ్లు నేలకు తగులుతాయేమో అనిపించేలా ఉంది.

అన్న వాటిని ఎద్దుల్ని చూసినట్టే చూశాడు. ముందు దూరంగా నిలబడి ఎత్తు చూశాడు. దగ్గరికి వచ్చి ఎర్రదాని బానెట్ నిమిరాడు. వంగి, గిట్టలు చూసినట్టు ముందు చక్రాలు చూశాడు. ఎద్దుకు ఎత్తుంటే చాలు, మిగతాది మేత చూసుకుంటుందనేది ఆయన నమ్మకం. నేను టేపు తీసి రెండింటినీ కొలిచాను.

"అన్నా, పొట్టిదానికి చక్రాల మధ్య ఎడం ఎక్కువ. కడుపు నేలకు దగ్గరగా ఉండాది. వాలుకు ఇదే మేలేమో."

"కడుపు నేలకు తగిలేదాన్ని పంది అంటారురా, ఎద్దు అనరు" అన్నాడు అన్న.

ఏజెంటు ఎర్రదాని బలం గురించి చెప్పుకుపోతున్నాడు. వదిన పైటచెంగు భుజం నిండా కప్పుకుని ముందుకు వచ్చింది. "అయ్యా, ఇది పడితే యాపక్కకు పడతాది? మింద కూర్చున్నోడు యాడ ఉంటాడు?"

ఏజెంటు నవ్వాడు. "కొత్తబండి ముందర పడే మాటెందుకమ్మా? శుభం పలకండి."

"శుభం ఇంటికాడ పలికే వచ్చినాము. అడిగిందానికి చెప్పండి."

పొట్టి ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్న ముసలి మెకానిక్కు, ఒక సాయిబు, బయటికి వచ్చాడు. "ఏందక్కా, ట్రాక్టరు కొనేకి వచ్చినావా, అల్లుని చూసేకి వచ్చినావా?"

"అల్లుడు పడితే లేస్తాడు సాయబూ. ఇది పడితే కిందుండేటోడు లేస్తాడా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "లేడక్కా" అన్నాడు. తర్వాత ఏజెంటుతో, "పెన్న గట్టుకు తీస్కపోయి చూపిస్తా సార్" అన్నాడు.

పెన్నలో నీళ్లు ఒక వారకు పోయి, గట్టు పొడిగా ఉంది. మేము ఇసుకలో నిలబడి చూశాం. సాయిబు ముందు ఎర్రదాన్ని ఆ వాలు మీద అడ్డంగా నడిపాడు. అది బాగానే పోయింది. తిరిగి వచ్చి పొట్టిదాన్ని అదే దారిలో నడిపాడు. అదీ బాగానే పోయింది. అన్న మొహం వెలిగిపోతోంది.

"చూసినావా, ఎర్రది ఎంత పొగురుగా పోయిందో!"

"నేను ట్రాక్టరును చూడలే. సాయబును చూసినా" అంది వదిన.

"ఆయప్పను చూసేదేంది?"

"ఎర్రదాని మింద ఉన్నంతసేపూ ఎగువకు ఒరిగి కూర్చున్యాడు. ఒక చెయ్యి ఎగువ మడ్డిగార్డు మింద్నే ఉండె. పొట్టిదాని మింద నిటారుగా కూర్చోని బీడీ ముట్టించుకున్యాడు."

సాయిబు చేతిలోని బీడీ చూసుకున్నాడు. "నిజమేనేమో అక్కా. నాకు తెలీకుండానే ఒరిగినట్టుండా."

 ఎగువతాడు పట్టిన మనిషి ఒళ్లు ఎలా ఒరుగుతుందో అన్నకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఆయన ఎర్రదాని దగ్గరికి పోయి, సంతలో బేరం కుదరని ఎద్దును వదిలి వచ్చేటప్పుడు తట్టినట్టు దాన్ని ఒకసారి తట్టాడు. "పొట్టిదే రాయండి" అన్నాడు ఏజెంటుతో.

ట్రాక్టరు ఊళ్లోకి వచ్చిన రోజు రచ్చబండ దగ్గర ఒకాయన ఊరుకోలేదు. "ఏమప్పా, కోడెను తెస్తానని పోయి బర్రెపడ్డను తోలుకొచ్చినావే! పాలిస్తాదా?"

"ఇస్తే నీకు సగం పోస్తాలే మామా" అన్నాడు అన్న. అందరితో పాటు నవ్వాడు. ఇంటికి వచ్చి మాత్రం వదినతో చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడాడు.

కార్తీకం వచ్చింది. గడ్డి కోసే పరికరం ట్రాక్టరు పక్కకు చాచిన పొడుగాటి పళ్ల కత్తి. దాన్ని నడపడం అన్న సాయిబు దగ్గర నేర్చుకున్నాడు. కోత మొదలుపెట్టిన రోజు పొద్దున ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఈసారి వదిన ఇంట్లో కూడా ఉండలేదు. భుజాన మోకు చుట్ట వేసుకుని బీడుకు వచ్చింది. వెనక ఇరుసుకు ఎగువ పక్కన మోకు కట్టబోయింది.

"ట్రాక్టరుకు తాడేంది? బర్రెపడ్డ అని నగింది చాలలేదా?" అన్నాడు అన్న.

ఆమె ముడి వేస్తూనే ఉంది.

"అది పడాలనుకుంటే నీ చేత ఆగుతాదా?"

"ఆగదు" అంది వదిన. "పట్టుకుంటా."

అన్న ఇంజను వేశాడు. ఆమె ఎగువన మోకు పట్టుకుని నడిచింది, నేను ఆమె పక్కన నడిచాను. గడ్డి వరసలు వరసలుగా పడుకుంటూ వచ్చింది. పచ్చివాసన బీడంతా కమ్ముకుంది. కూలీలు దినాల తరబడి కోసే జాగా సగం, పొద్దు నడినెత్తికి రాకముందే అయిపోయింది. అన్న మొహంలో పాత ఉత్సాహం కనిపించింది.

అప్పుడు దిగువ చక్రం గడ్డిలో కనబడని ముళ్లపంది బొరియలోకి దిగింది.

ట్రాక్టరు ఒక్కసారిగా దిగువకు ఒరిగింది. ఎగువ చక్రం లేచింది. దాని కింద వెలుతురు కనబడింది నాకు. మోకు బిగిసి వదినను ముందుకు లాగింది. ఆమె మడమలు మట్టిలో తన్నిపెట్టి వెనక్కి కూలబడింది. నేనూ మోకు అందుకున్నాను. ఎగువ చక్రం అలాగే గాలిలో నిలిచి, మెల్లగా మళ్లీ నేల మీదికి దిగింది.

మా ఇద్దరి బరువు దాన్ని ఆపిందని నేననుకోను. దాని ఎడమైన చక్రాలూ, నేలకు దగ్గరైన కడుపే ఆపాయి. ఆనాటి డైరీలోనూ అలాగే రాసుకున్నాను. ఆ చోట ఎర్రది ఉండి ఉంటే ఏమయ్యేదో రాయలేదు.

అన్న ఇంజను ఆపి, ఎగువ పక్కనుంచి దిగాడు. పైకి వచ్చి మా దగ్గర కూర్చున్నాడు. వదిన అరచేతులు మోకు ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆయన వాటినే చూస్తూ అడిగాడు.

"మీ నాయన ఆపొద్దు యాపక్క ఉండె?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయన అడగడం అదే మొదలు.

"దిగువ" అంది వదిన.

"తెలిసినోడే గదా. దిగువకు ఎందుకు పోయినాడు?"

"తాడు పట్టేటోడు ఆపొద్దు రాలే. ఒక్కడే తోలుకొస్తాండె. బండి ఒరిగితే భుజం పెట్టి నిలుపుదామనుకున్యాడు."

అన్న తల ఊపాడు. లేచి ట్రాక్టరు దగ్గరికి పోయాడు. ఇరుసుకు కట్టిన ముడి వదులైంది. దాన్ని విప్పి, తన ఎద్దుల బండికి వేసే ముడి వేసి, గట్టిగా లాగి చూశాడు. కొస తెచ్చి, తలగుడ్డ సగానికి చించి ఆమె అరచేతులకు చుట్టి, ఆ చేతుల్లో పెట్టాడు.

"ఇంగా సగముంది. పట్టుకో" అన్నాడు.

మిగిలిన సగమూ కోశాం. పొద్దు వాలేసరికి ట్రాక్టరు వాకిట్లోకి వచ్చింది. అన్న ఎగువ పక్కనుంచే దిగాడు, వాకిట్లో ఎగువ, దిగువ లేకపోయినా. వదిన చేతులు కడుక్కుని, లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.