గొర్రెపిల్ల అరిచిన రోజు

అప్పుడు మా బాబుకి మూడో నెల. వాతావరణ మార్పులు, ఆహార పంటల మీద కువైట్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఎండలు ముదిరితే టమాటా పూత ఎందుకు రాలుతుందో ఊరికి దూరంగా ఉన్న వఫ్రా తోటల్లో, గ్రీన్‌హౌస్‌లో నిలబడి చూడాలి. బాబుని పక్క ఫ్లాట్ సునీతక్క దగ్గర వదిలి మొదటిసారి వెళ్లాను.

థర్మామీటర్ చూస్తుండగా బయట ఒక గొర్రెపిల్ల అచ్చం పసిబిడ్డలా ఏడ్చింది. అంతే, నాకు పాలు చేపుకొచ్చి కుర్తా ముందంతా తడిసిపోయింది. చుట్టూ తోట పనివాళ్లు, ప్రొఫెసర్. సిగ్గుతో మొక్కల వైపు తిరిగి నిలబడిపోయాను. నా క్లాస్‌మేట్ నూరా, కువైటీ అమ్మాయి, గబగబా వచ్చి తన ల్యాబ్ కోటు నాకు కప్పింది.

"మీవాడు పిలుస్తున్నట్టున్నాడు. యల్లా, వెళ్లు! రీడింగులు నేను రాస్తాలే."

టాక్సీలో దారంతా, బాబు ఆకలితో గుక్కపట్టి ఏడుస్తున్నాడనే అనుకున్నాను. పరుగున మెట్లెక్కాను.

"డబ్బాపాలు తాగేసి హాయిగా పడుకున్నాడమ్మా. ఎందుకంత కంగారు?" అని నవ్వింది సునీతక్క.

పాలు నిండిన నొప్పి ఓర్చుకుంటూ, వాడు లేచేదాకా పక్కనే కూర్చున్నాను.

ఇప్పుడు వాడికి మూడేళ్లు. ఇది రాస్తుంటే నా పక్కనే నిద్రపోతున్నాడు. రేపటి నుంచి నర్సరీ. గేటు దగ్గర ఏడవకుండా వెళ్లిపోతాడేమోనని నాకు బెంగ.