దర్జీగల్లీ ఖాలా

మొన్న సంగారెడ్డిలో ఒక పెళ్లి చూసుకుని తిరిగొస్తూ, దర్జీగల్లీకి టికెట్ ఇమ్మని అలవాటు కొద్దీ కండక్టరమ్మను అడిగాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి, "గా పేరుతోటి స్టేజీ లేదమ్మా. ఇస్నాపూర్ కొట్టాల్నా, పటాన్‌చెరు కొట్టాల్నా?" అంది. మేము కిష్టారెడ్డిపేటలో ఫ్లాటుకు మారి ఇన్నేళ్లయినా నా నోటికి ఆ పేరే ముందు వస్తుంది. పటాన్‌చెరు అని చెప్పి కిటికీకి తల ఆనించాను.

ఆ పిల్ల తప్పేమీ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన గల్లీ పేరు ఆమెకెలా తెలుస్తుంది? మన ఈడువాళ్లకైతే గుర్తుండాలి. బొంబాయి రోడ్డును ఆనుకుని రేకుల ఇళ్లూ పెంకుటిళ్లూ కలిసిన సన్నని గల్లీ, మొదట్లోనే దర్జీ మామ కుట్టుమిషను.

నేను కొత్త కోడలిగా అక్కడికి వచ్చినప్పుడు మా ఆయనకు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు. మా ఊరి చెలకలూ పొలాలూ తప్ప ఏమీ ఎరగని నాకు ఆ లారీల మోత, గాలిలో ఆ ఘాటు వాసన పడలేదు, బోరు నీళ్లు గొంతు దిగలేదు. గడప మీద కూర్చుని ఏడుస్తుంటే పక్కింటి దర్జీ మామ భార్య ఎక్కడినుంచో బిందెడు మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. గల్లీ అంతా ఆమెను ఖాలా అనేది. ఖాలా అంటే చిన్నమ్మ. నాకు ఆ రోజు నుంచి నిజంగానే చిన్నమ్మ అయింది.

మా పెద్దమ్మాయిని కడుపులో మోస్తున్నప్పుడు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, ఆటోలు దొరికే కాలం కాదు. ఖాలా బురఖా వేసుకోవడం కూడా మరిచి రోడ్డు మధ్యకు ఉరికి, వస్తున్న లారీకి ఎదురుగా చేతులు చాచి నిలబడింది. డ్రైవరు తిట్టబోతుంటే, "తిట్టుడు తర్వాత తిట్టు భయ్యా, పిల్ల పానం మీదికొచ్చింది, జల్దీ దవఖానకు పోనియ్!" అని గద్దించింది. బిడ్డ పుట్టేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఏళ్లు గడిచాక, దర్జీ మామ కాలం చేశాక, రోడ్డు వెడల్పు కోసమని ఎవరో వచ్చి గోడల మీద ఎర్ర గీతలు పెట్టిపోయారు. మాది కిరాయి ఇల్లు, సామాను ఎత్తుకుంటే చాలు. ఖాలాది సొంతిల్లు, మామ మిషను పెట్టుకున్న ముందరి గది నుంచి వెనక వంటింటి దాకా అంతా గీతలోపలే పడింది. వచ్చిన పరిహారంతో ఇంకో ఇల్లు కొనలేక కొడుకు చిట్కుల్‌లో కిరాయి గది చూశాడు.

కూలగొట్టే రోజు పొద్దున నేను వెళ్లేసరికి, సామానంతా ఆటోలోకి ఎక్కించి, ఆమె ఖాళీ ఇంట్లో గచ్చు కడుగుతోంది.

"జెరసేపైతే కూలగొడ్తరు గద ఖాలా, ఇగ ఎందుకు కడుగుతున్నవ్?" అన్నాను.

చీపురు ఆపకుండానే, "ముప్పై ఏండ్లు సాకింది బేటీ నన్ను. గలీజుగ ఎట్ల సాగదోల్త?" అంది.

నేనూ కొంగు దోపుకుని నీళ్లు పోశాను. ఆ తడి ఆరకముందే గోడ కూలింది. ఖాలా ఏడవలేదు, నేనే ఏడ్చాను.

చిట్కుల్ వెళ్లి చూస్తే మూడో అంతస్తులో ఒక గది, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేకపోయేది. "ఈడ శాన నిమ్మలం ఉంది బేటీ. లారీల సప్పుడు లేక నిద్ర పడ్తలేదు" అని నవ్వేది. తర్వాత మేమూ దూరం జరిగాం, పిల్లల చదువులు, మా ఆయన ఆరోగ్యం, రాకపోకలు పలచబడ్డాయి. ఒక రంజాన్‌కు వెళ్తే కొడుకు తలుపు తీసి, అమ్మ పోయి నెల దాటిందన్నాడు.

గల్లీలో ఎవరికి జ్వరం వచ్చినా పొయ్యి మీద ఎసరు మరిగేలోపు అందరికీ తెలిసేది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఎవరి నంబరు ఎవరి దగ్గరుందో తెలియదు. ఖాలా జనాజా లేచి అంతిమయాత్ర కదిలినప్పుడు గల్లీవాళ్లం ఒక్కరమూ లేము. కొడుకు మాకు కబురు చెబుదామని, మా ఫ్లాటు ఎక్కడో తెలియక, ఆ పొద్దున మా పాత చోటుకే వచ్చాడట. అక్కడ రోడ్డు తప్ప ఏమీ లేదు, ఎవరిని అడగాలో తోచక తిరిగిపోయాడట.