మంచు మీద సాష్టాంగం

ఆ రోజుల్లో చిక్కడపల్లిలో ఎవరైనా విదేశం వెళ్తున్నారంటే ఆ మనిషి సగం పెళ్ళికొడుకు, సగం యుద్ధానికి పోయే సిపాయి. ఇంటింటికీ భోజనానికి పిలిచేవారు, విస్తట్లో రెండో గారె వేస్తూ కళ్ళు తుడుచుకునేవారు. నేను వెళ్ళింది యుద్ధానికీ కాదు, పెళ్ళికీ కాదు. నేను పనిచేసే యంత్రాల ఫ్యాక్టరీవాళ్ళు కొన్ని నెలల శిక్షణ కోసం పశ్చిమ జర్మనీ పంపారు, అంతే. అరవై తొమ్మిది మొదట్లో మాట ఇది. అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు కాబట్టి లోకంలో నాకు తెలియని సంగతి లేదు. (అశోక్ నగర్ దర్జీ కుట్టిన సూటు తొడుక్కున్నాక మిగిలిన ఒకటీ అరా కూడా తెలిసిపోయాయి.) సుల్తాన్ బజార్‌లో బేరమాడి కొన్న కోతి టోపీ, ఊరగాయ జాడీ, ఆ సూటు, వాటి మధ్య నేను. ఇదీ నా సరంజామా.

మాది బందరు వైపు. నాన్నగారి ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చి ఒక ఇంట్లో వెనక వాటాలో అద్దెకు దిగాం. ముందు వాటాలో ఇంటి ఓనరమ్మ ఉండేది. మా వాటాలో మాత్రం చట్టాలన్నీ బామ్మవి. అందులో మొదటిది సాష్టాంగం. పెద్దవాళ్ళ ముందు కాస్త వంగి, వాళ్ళ మోకాలి దాకా చెయ్యి చాచి లేచిపోతే అది ఆవిడ దృష్టిలో దొంగదణ్ణం. మగపిల్లవాడన్నాక బోర్లా పడాలి, ఎనిమిది అంగాలూ నేలకి తగలాలి, గడ్డంతో సహా. రెండో చట్టం దీనికి తమ్ముడు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు దణ్ణం పెట్టకూడదు, పెడితే చిన్నవాళ్ళకు ఆయుక్షీణం. ఒకవేళ పెట్టేశారో, తక్షణం వాళ్ళ కాళ్ళ మీద పడితే దోషం పోతుంది. చిన్నప్పుడు ఓసారి నారాయణగూడ కూరగాయల బజారులో మా లెక్కల మాస్టారు ఎదురై, నా మార్కుల సంగతి ఎత్తి, విసుగొచ్చి రెండు చేతులూ జోడించి "నీకో దణ్ణంరా నాయనా" అన్నారు. అందరూ అనే మాటే. కానీ పక్కన బామ్మ ఉంది. చితికిన టమాటాల మధ్య అక్కడికక్కడే నన్ను బోర్లా పడేయించి, గడ్డం తగిలిందో లేదో వంగి చూసి మరీ లేపింది.

ప్రయాణం రోజున వీధిలోని పెద్దవాళ్ళందరికీ వరసగా సాష్టాంగాలు పడ్డాయి. అసలే ముగ్గులు పెట్టే వేళ. చివరి గుమ్మం దాటేసరికి నా నల్ల సూటు ముందువైపంతా చుక్కల ముగ్గు దిగింది. ఓనరమ్మ తన కొంగుతో దులుపుతూ ఒక మాట చెప్పింది. "బిడ్డా, కొత్త జాగకు పోతున్నవ్. ఆడ ఎవరన్న పెద్దోళ్ళు ఏమన్న చెప్తే జర ఇను. ఎందుకు, ఏంది అని అడుక్కుంట నిలబడకు." నాకు లోపల నవ్వొచ్చింది. ఇంజనీరునైన నాకు జర్మనీలో ఎలా నడుచుకోవాలో చిక్కడపల్లిలో చెబుతోంది కదా అని.

అక్కడ దిగిన వారానికే నా తెలివి బయటపడింది. నారాయణగూడ చౌరస్తాలో రోడ్డు దాటే పద్ధతి మీకు తెలిసిందే. చెయ్యి అడ్డంగా చాచి, వచ్చే బండికేసి చూడకుండా మన దారిన మనం నడిచిపోవడమే. రిక్షా ఆగుతుంది, స్కూటరు ఆగుతుంది, బస్సువాడు కూడా నాలుగు తిట్టి ఆగుతాడు. నేను ఆ చెయ్యే ట్రాముకి అడ్డం పెట్టాను, అదీ అది వచ్చే వైపు కాకుండా రెండో వైపు చూస్తూ. కీచుమని పెద్ద చప్పుడు చేసి ట్రాము నా భుజానికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు ఏమీ తిట్టలేదు. తెల్లబోయిన మొహంతో స్టీరింగు లాంటిదాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తిట్టి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు, మన ఊళ్ళోలాగే అనిపించేది.

అసలు గండం మాత్రం మైదానంలో ఉంది. మా హాస్టలు ముందు పెద్ద బయలు, దాని అవతలి ఒడ్డున పెరుగు దొరికే కొట్టు. నేను వెళ్ళినప్పటి నుంచీ అదంతా మంచు కప్పుకుని తెల్లగా, చదునుగా ఉండేది. పిల్లలు అక్కడ జారుతూ ఆడుకునేవారు. మేం క్రికెట్ ఆడిన నారాయణగూడ మైదానం కంటే బాగుందే, ఒక్క గుంట కూడా లేదు అని మెచ్చుకునేవాణ్ణి. చలి కాస్త తగ్గాక పిల్లలు రావడం మానేశారు. పరీక్షలొచ్చాయి కాబోలు పాపం అనుకున్నాను. అంచున ఎర్ర అక్షరాల బోర్డు కూడా ఒకటి వెలిసింది. ఇక్కడ ప్రకటనలు అంటించరాదని రాసి ఉంటుందని నిశ్చయించుకున్నాను. ఓ శనివారం పొద్దున పెరుగన్నం మీదికి మనసు పోయింది. రోడ్డు చూస్తే చుట్టూ తిరిగి పోతోంది. మైదానం ఉండగా చుట్టూ తిరిగేవాడు హైదరాబాదువాడే కాదు. గిన్నె పట్టుకుని అడ్డంగా నడిచాను.

చాలా దూరం వెళ్ళాక కాళ్ళ కింద అప్పడం విరిగినట్టు చప్పుడైంది. ఆగాను. చప్పుడు ఆగలేదు. అవతలి ఒడ్డున కుక్కతో షికారుకొచ్చిన ఒక ముసలావిడ నన్ను చూసి కేకలేస్తోంది, రెండు అరచేతులూ కిందికి నొక్కి నొక్కి చూపిస్తోంది. నేను పలకరింపనుకుని చెయ్యి ఊపాను. ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది. గౌరవం చాలలేదేమోనని చేతులు జోడించాను. అప్పుడావిడ చేసిన పని నేను చచ్చినా మరిచిపోలేను. చేతిసంచీ పక్కన పారేసి, మంచి ఉన్ని కోటుతో సహా ఆ మంచులో నాకేసి తిరిగి బోర్లా పడిపోయింది. చేతులు చాచి, గడ్డంతో సహా.

నా గుండె ఆగిపోయింది. కాళ్ళ కింది చప్పుడుకి కాదు, దాన్ని మరిచేపోయాను. బామ్మ అంత పెద్దావిడ, పైగా ఆడమనిషి (మనలో ఆడవాళ్ళకు సాష్టాంగమే లేదు, మోకాళ్ళ మీద వంగడమే), నాకు సాష్టాంగం చేసింది. నా ఆయుష్షు అక్కడికక్కడే హారతి కర్పూరమైపోతోంది. ఇంజనీరు, సూటు, అన్నీ ఎగిరిపోయాయి. గిన్నె వదిలేసి, ఎందుకు ఏంది అనుకోకుండా, నేనూ ఆవిడకేసి బోర్లా పడ్డాను. ఎనిమిది అంగాలూ ఆనించి కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి గడ్డం కింద చల్లటి నీళ్ళు పారుతున్నాయి. నేను నిలబడ్డ చోటికి పక్కనే మంచుపలక చీలి నల్లటి నీరు కనబడుతోంది, నా గిన్నె అందులో బుడుంగుమంది. అది మైదానం కాదనీ, చెరువనీ అప్పుడు తెలిసింది. రోజూ హుస్సేన్ సాగర్ గాలి పీల్చి పెరిగినవాణ్ణి, చెరువును చూసి గుర్తుపట్టలేకపోయాను. ఆవిడ పడుకునే ఉండి రా రమ్మని చేతులాడిస్తూ ఉంది. నేను ఆవిడ మొహం మీంచి చూపు తిప్పకుండా బల్లిలా పాక్కుంటూ వచ్చాను. ఈలోగా ఎవరో ఇద్దరు నిచ్చెన తెచ్చి పడేసి నన్ను లాగారు. ఒడ్డెక్కాక ఆవిడ నా రెండు చెంపలూ పట్టుకుని ఏదేదో అంది. భాష తెలియకపోయినా అవి తిట్లని తెలుస్తూనే ఉంది. ఆ తిట్లు వింటూ నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మర్నాడు మా ఫోర్‌మన్‌ను వెంటబెట్టుకుని ఆ ముసలావిడ ఇంటికి వెళ్ళాను. నిలబడితే బరువంతా ఒకచోటే పడి మంచు పగులుతుందనీ, పడుకుంటే నిలుస్తుందనీ, ఎలా చెప్పాలో తెలియక ఆవిడ తనే పడుకుని చూపించిందనీ అతను తన ముక్కల ఇంగ్లీషులో చెప్పాడు. మంచు ఎరగని దేశంవాడికి ఆ సంగతి అంత తొందరగా ఎలా తెలిసిందని ఆవిడ ఆశ్చర్యపోతోందట. అసలు సంగతి చెప్పడానికి మొహం చెల్లక, మా బామ్మ నేర్పిందన్నాను. ఆలోచిస్తే అబద్ధమేమీ కాదు. మీ బామ్మకు నా కృతజ్ఞతలు చెప్పు అంది ఆవిడ.

ఇల్లు చేరేసరికి మాటలన్నీ తారుమారయ్యాయి. నేను ప్రమాదంలో పడ్డానని చెబుదామని వస్తే, వాళ్ళ దగ్గరే కబుర్లున్నాయి. నేను లేని నెలల్లో ఊళ్ళో ప్రత్యేక రాష్ట్రం గొడవలు రేగాయి. కోస్తా నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి మావాళ్ళకు గుమ్మం దాటాలంటే భయం. అన్ని రోజులూ ఓనరమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వీళ్ళు నా ఇంటి మనుషులు, ముందు నాతో మాట్లాడి లోపలికి పోండి అనేదట. ఎవరూ పోలేదట. నేను ముందు ఓనరమ్మకూ, తరువాత బామ్మకూ సాష్టాంగపడ్డాను. ఎవరూ చెప్పకుండా, ఏ దోషానికీ భయపడకుండా నేను చేసిన మొదటి సాష్టాంగాలు అవే అనుకుంటాను.

అప్పుడు చెరువు కథ చెప్పాను. ఓనరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బామ్మ మాత్రం ఎంత లోతని గానీ, ఎంత చలని గానీ అడగలేదు. ఆవిడ నీ కోసం నేల మీద పడుకుందా అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. ఆవిడ కృతజ్ఞతలు చెప్పమందని కూడా చెప్పాను.

"జర్మనీ ఏ దిక్కురా?" అంది.

పడమర అని లోయర్ ట్యాంక్ బండ్ వైపు చెయ్యి చూపించాను. బామ్మ మంచం దిగి అటు తిరిగి మెల్లగా మోకాళ్ళ మీదికి వంగింది. ఓనరమ్మ కంగారుగా వచ్చి రెక్క పట్టుకుంది. "ఏంది పెద్దమ్మా గిది, ఈ వయసుల కింద పడితే మల్ల లేవనీకి వస్తదా?"

"ఆ మహాతల్లి లేచింది కదమ్మా, నేనూ లేస్తాను" అని బామ్మ నుదురు నేలకి ఆనించింది.

చాలాసేపు అలాగే ఉంది. తరువాత మేమిద్దరం చెరోవైపూ పట్టుకుని లేపాం.

ఇప్పుడు నాది ఆనాటి బామ్మ వయసు. మోకాళ్ళు వంగవు, నేల మీద కూర్చోవద్దని డాక్టరు ఆజ్ఞ. అందుకని మధ్యాహ్నం భోజనమయ్యాక తల పడమరకి పెట్టి, మంచం మీద బోర్లా పడుకుంటాను. నడుం నొప్పికి మంచిదని చేస్తున్నానని మా ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నేను దిద్దలేదు. పరుపు మెత్తగా ఉంటుంది కాబట్టి గడ్డం కూడా చక్కగా తగులుతుంది.