మండీ పేజీ, నాయన ట్రాక్టరు

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరవాలంటే మౌస్ నొక్కి, బయటికెళ్ళి టీ తాగి, తిరిగొచ్చి చూడాల్సిందే. తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. పాకాల దగ్గరి మామిడి మండీకి మేమొక పేజీ నడిపేవాళ్ళం. రేపు మండీ ఉందా లేదా, ఏ కాయ దించుకుంటారు, అంతే అందులో ఉండేది. రైతులు పల్లెల్లోని ఇంటర్నెట్ సెంటర్లలో ఫోన్ లైను మీద చూసేవాళ్ళు. ఒక్కొక్కరికి పేజీ పూర్తిగా చేరేదాకా సర్వర్ వాళ్ళ దగ్గరే కాచుకోవాలి. పదిమంది అట్లా వస్తే పదకొండోవాడికి దారి లేదు.

దానికి నేనొక మందు కనిపెట్టాను (కనిపెట్టింది ఎవరో, నేను పుస్తకంలో చదివాను). సర్వర్ ముందు ప్రాక్సీ అని ఇంకో యంత్రం పెట్టాను. అది పేజీని సర్వర్ దగ్గర ఒక్కసారి తీసుకుని దాచుకుంటుంది, ఎంత నిదానస్తుడికైనా ఓపిగ్గా అందిస్తుంది. ఎంతసేపు దాచుకోవాలో మనం చెప్పాలి. రోజుకొక కబురే కదా అని ఇరవైనాలుగు గంటలు రాశాను. మా సారు వీపు తట్టారు. నేను మా ఊరు ఐరాలకు ఫోన్ చేసి, మామిడితోట చేసే నాయన దగ్గర గొప్పలు పోయాను.

వారం తిరక్కముందే హమాలీలు మర్నాడు బంద్ అన్నారు. మండీవాళ్ళు సాయంత్రమే 'రేపు మండీ లేదు' అని పేజీ మార్చారు. నా ప్రాక్సీ మాత్రం మధ్యాహ్నం దాచుకున్న 'రేపు మండీ ఉంది' అన్న పేజీనే అందరికీ పంచింది. మిగతా రైతులు నోటిమాటగా తెలుసుకుని ఇళ్ళలో ఉండిపోయారు. మర్నాడు పొద్దున్నే మండీ దగ్గరినుంచి నాయన ఫోను. "ఒరే, ఈడ గేటు మూసుండాది. నీ పేజీలో మండీ ఉండాదని ఉండాది." ట్రాక్టరు నిండా తోతాపురి కాయలు, ఏడాది కష్టం. ఎండకు మెత్తబడితే పారబోయడమే. సారు దగ్గరికి పరుగెత్తాను.

సారు నాలుగుచోట్లకు ఫోన్ చేసి, చిత్తూరు దారిలో ఒక గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళను ఒప్పించారు. నేనూ బయల్దేరి వెళ్ళి, అక్కడి వరుసలో సాయంత్రం దాకా నాయన పక్కన ట్రాక్టరు మీద కూర్చుని, తల దించుకుని ప్రాక్సీ సంగతి చెప్పుకున్నాను. ఆయన అంతా విని, "నిదానంగా తినేవాని కాడ నిలబడి వడ్డిచ్చేది మంచి పనే. పాసిపోయిన సంగటి వడ్డిస్తే ఎట్టప్పా?" అన్నాడు.

"బంద్ అని నీకెవరూ చెప్పలేదా నాయనా?"

"పక్కింటి మామ సెప్పినాడు. మావాడి కంప్యూటర్లో ఉండాది, నువ్వు ఊరుకో అంటిని."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. కళ్ళు తుడుచుకోవడానికి కాయల వైపు తిరిగాను.

ఆ రాత్రే ప్రాక్సీ పేజీని దాచుకునే గడువు ఒక్క నిమిషానికి తగ్గించాను. నాయన మాత్రం ఆ తర్వాత ప్రతి ఏడూ ముందు మండీకి ఫోన్ చేసి కనుక్కునేవాడు, ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళి నా పేజీ కూడా చూసేవాడు. తెలిశాక మళ్ళీ ఎందుకు నాయనా అంటే, "నువ్వు సరిగ్గా పెట్టినావో లేదో సూసుకోవద్దా" అనేవాడు. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు రాసింది రెండుసార్లు చూస్తూ, వాళ్ళు విసుక్కుంటే, నేనూ అదే మాట అంటున్నాను.